స్టాంపు కొట్టిన థాంక్యూ కార్డు ‘చేత్తో చేసినది’ అవుతుందా?

సిరాచుక్క (పెరంబూర్, చెన్నై): మా పాప సంగీతం టీచరుగారికి కార్డు చేశాను. 300 జీఎస్ఎం మందపాటి అట్ట, మల్లెతీగ స్టాంపు, ఆకుపచ్చ ఇంకు, మధ్యలో ‘థాంక్యూ’ స్టాంపు, రెండు సాయంత్రాల పని. ఫొటో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో పెడితే ఒకావిడ, ‘స్టాంపులు కొడితే చేత్తో చేసినట్టా అండీ, ఆ లెక్కన రిజిస్ట్రారాఫీసు గుమాస్తా కూడా కళాకారుడే’ అంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. మీరేమంటారు?

అణ్ణానగర్_అబ్బాయి: మాట తీరు బాగోలేదు గానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. బొమ్మ ఎవరో గీశారు, అక్షరాలు ఎవరో రాశారు, అట్ట ప్యారీస్ ఆండర్సన్ వీధిలో దొరుకుతుంది. మీరు చేసిందల్లా అద్దడం. ఆ ఒక్క మాటైనా సొంత చేతిరాతలో రాయాల్సింది.

సిరాచుక్క: అద్దడమే కదా అనేవాళ్లు ఒక్కసారి అద్ది చూడండి బాబూ. కొత్త క్లియర్ స్టాంపు, అదే పారదర్శకంగా ఉండేది, దాని మీద ఇంకు నిలవదు, ఆముదం రాసినట్టు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, ముందు దాన్ని ఎరేజర్‌తో మెల్లగా రుద్దుకోవాలి. నొక్కేటప్పుడు చెయ్యి ఏమాత్రం కదిలినా ఆకు పక్కన ఇంకో ఆకు. పైగా నేను మొదట వాడింది పిగ్మెంట్ ఇంకు, అది కాగితంలోకి ఇంకదు, పైనే కూర్చుంటుంది. నవంబర్ వానల్లో రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టి పొద్దున్నే వేలు పెట్టి చూశాను, తీగ కాస్తా పాచి మరకైంది. డై ఇంకుతో మళ్లీ మొదటినుంచి చేశాను. అది చిటికెలో ఆరుతుంది, కాకపోతే ఎండ తగిలితే త్వరగా వెలిసిపోతుంది.

పెడన_కోడలు (వేళచ్చేరి): మా అత్తగారి ఊళ్లో టేకు అచ్చులు చెక్కేవాళ్లు వేరు, బట్ట మీద అద్దేవాళ్లు వేరు. రంగు రంగుకీ వేరే అచ్చు, ముందు పడ్డదాని మీద గీత తప్పకుండా పడాలి. దాన్ని చేతిపని కాదని ఎవరంటారు? పేరు కలంకారీ, అయినా పెడనలో పని నడిచేది అచ్చులతోనే, కలం పట్టేది శ్రీకాళహస్తిలో. మరి రెండూ కలంకారీయేగా!

అణ్ణానగర్_అబ్బాయి: అక్కా, ఆ అచ్చు కూడా ఒక మనిషి చేత్తో చెక్కిందే. ఈ స్టాంపు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. రెండూ ఒకటే అంటే ఎలా?

బెండకాయ_బ్యాచ్: స్కూల్లో బెండకాయ కోసి రంగులో ముంచి అద్దినప్పుడు ఈ గొడవలేవీ లేవు. తెలుగు స్టాంపు దొరక్క నేను ఎరేజర్ మీద ‘ధన్యవాదాలు’ చెక్కాను. ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో రాసి, బోర్లించి గోటితో రుద్దితే ఎరేజర్ మీద అదే తిరగబడి దిగుతుంది, అద్దితే సరిగ్గా పడుతుంది. అంతా బాగానే వచ్చింది గానీ ధ కింద గీత ఊడిపోయింది. అమ్మమ్మకి పంపితే ఫోన్ చేసి, ‘దన్యవాదాలు అందాయిరా’ అని ద దగ్గర గట్టిగా నొక్కి మరీ చెప్పింది 😄

సిరాచుక్క: హహ! సరే, ఒక మాట చెప్పడం మర్చిపోయా. కార్డు లోపల ఏడు వాక్యాలు నా చేత్తోనే రాశాను. పాప గొంతు బొంగురుపోయిన నెలంతా టీచరుగారు పాడించకుండా తాళాలే నేర్పారు, ఒక్క క్లాసూ మానిపించలేదు, అదంతా రాశాను. ఆ పేజీ గ్రూపులో పెట్టలేదు, అది టీచరుగారికి రాసుకున్నది కదా.

అణ్ణానగర్_అబ్బాయి: ఇది ముందే చెప్తే సగం గొడవ తగ్గేది. ఇక నా పేచీ పై అట్టతోనే.

పెడన_కోడలు: మా ఇంట్లో అరిగిపోయిన మామిడిపిందె అచ్చు ఒకటుంది, వచ్చి అద్దుకోండి. నున్నటి అట్ట మాత్రం తేవద్దు, చెక్క అచ్చు దాని మీద జారుతుంది.

అణ్ణానగర్_అబ్బాయి: ఆదివారమైతే నేనూ వస్తా.