అల్యూమినియమా, అల్యూమినమా? ఈ పేరుకూ పటికకూ సంబంధం ఏమిటి?

ప్రశ్న (రాయగడ నుంచి):
పక్కనున్న కోరాపుట్ జిల్లాలో, పంచపట్‌మాలి కొండల బాక్సైట్ దామన్‌జోడి కర్మాగారంలో అల్యూమినాగా మారుతుందని, ఆ తెల్లని పొడి నుంచి అంగుల్‌లో లోహం తీస్తారని మా ప్రాంతంలో చాలామందికి తెలుసు. ఈ పేర్లకు మూలం పటికను సూచించే లాటిన్ మాట అని చదివాను. బాక్సైట్ నుంచి వచ్చే లోహానికి పటిక పేరెందుకు? అమెరికా పుస్తకాల్లో కనిపించే 'అల్యూమినం' అచ్చుతప్పా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
అచ్చుతప్పు కాదండీ. ఈ పేరు పుట్టేనాటికి బాక్సైట్ ఊసే లేదు. బట్టకు రంగు పట్టించడానికి అద్దకంవారు వాడే పటికను రోమన్లు 'అల్యూమెన్' అనేవారు. పటికలో ఉన్న మన్ను సున్నానికి భిన్నమైన పదార్థమని 1754లో జర్మన్ రసాయనవేత్త మార్‌గ్రాఫ్ చూపగా, తర్వాత ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దానికి 'అల్యూమిన్' అని పేరు పెట్టారు. మన అల్యూమినా అదే. అందులో ఏదో లోహం దాగి ఉందని నమ్మిన ఆంగ్ల రసాయనవేత్త హంఫ్రీ డేవీ, దాన్ని విడదీయలేకపోయినా, 1808లో 'అల్యూమియం' అని నామకరణం చేసేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నమాట! 1812 నాటి తన గ్రంథంలో ఆయనే దాన్ని 'అల్యూమినం'గా మార్చారు. ఆ లోహాన్ని డెన్మార్క్‌కు చెందిన ఓర్‌స్టెడ్ 1825లో గానీ వేరుచేయలేదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. మరి బాక్సైట్ కూడా లాటిన్ మాటేనా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
కాదండీ, అది ఊరి పేరు. దక్షిణ ఫ్రాన్సులోని లే బో (Les Baux) గ్రామం దగ్గర 1821లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తియే ఈ ఖనిజాన్ని గుర్తించారు.

మరో జవాబు (జయపురం నుంచి):
పై వివరణకు ఒక సవరణ చేర్చాలి. రోమన్ల అల్యూమెన్ అచ్చంగా మన పటిక ఒక్కటే కాదు. రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో ఆ పేరుతో అనేక రకాల లవణాలను వర్ణించాడు. ఇక 'అల్యూమినియం' మాత్రమే శుద్ధమైన లాటిన్ రూపమనే వాదన నాకు బలహీనంగా తోస్తుంది. 1812లోనే ఒక ఆంగ్ల సమీక్షకుడు 'అల్యూమినం' ప్రాచీన భాషల ఫక్కీలో వినిపించడం లేదని అభ్యంతరం చెప్పిన మాట నిజమే. సోడియం, పొటాషియం వంటి పేర్ల సరసన 'ఇయం' చక్కగా ఇముడుతుంది కూడా. అయితే ఇనుముకు ఫెర్రమ్, బంగారానికి ఆరమ్ అన్నవి అసలు లాటిన్ మాటలే కదా, వాటిలో 'ఇయం' ఎక్కడుంది? అంతర్జాతీయ రసాయన సంఘం 1990లో 'అల్యూమినియం' రూపాన్ని ఎంచుకుని, 1993లో రెండోదాన్నీ అంగీకరించింది. మన పాఠ్యపుస్తకాలు మొదటి రూపాన్నే వాడుతున్నాయి కాబట్టి పరీక్షలో పిల్లలు అదే రాయడం మేలు.