వైష్ణోదేవి రోప్‌వే కోసం ఆగాలా, పల్లకీలో తీసుకెళ్లిపోవాలా?

అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. వైష్ణోదేవి దర్శనం చేయించమని ఎప్పటినుంచో అడుగుతోంది. కొండ కింది ఊరు కట్రా నుంచి అమ్మవారి గుడి ఉన్న భవన్‌కు దాదాపు 13 కిలోమీటర్లు కొండ ఎక్కాలి. కొండ కింద తారాకోట్ నుంచి పైన గుడికి దగ్గర్లోని సాంజీఛత్‌కు రోప్‌వే కడతామంటే 2024 చివర్లో కట్రాలో బంద్ జరిగింది. గుర్రాలవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు, దుకాణదారులు మా పొట్ట కొట్టొద్దన్నారు. వాళ్ల బాధా నిజమే, అమ్మ మోకాళ్లూ నిజమే! పైగా రోప్‌వే ఎక్కితే దారిలోని అర్ధకువారి గుహ తప్పిపోతుంది. అది చూడని యాత్ర ఏం యాత్ర అంటుంది అమ్మ.

ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. పనులు ఎంతవరకు వచ్చాయి? పల్లకీలో కుదుపులు బాగా ఉంటాయా? భవన్ నుంచి భైరవుడి గుడికి ఇప్పటికే ఉన్న రోప్‌వే దగ్గర పెద్దవాళ్లు ఎంతసేపు క్యూలో నిలబడాలి?