లెక్కలు బయటపెట్టినా జనం ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న:
మేము అయిదుగురం కలిసి ఏడాదిగా సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ పనుల లెక్కలు అడిగి తెచ్చుకుని, ఆ కాగితాలను ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నాం. ఒక మస్టరులో (కూలీల హాజరు పట్టీలో) 14 పేర్లకు ఎదురుగా ఉన్న సంతకాలన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయి. 'య' చివరి మెలిక కూడా ప్రతిచోటా ఒకేలా ఉంది. ఆ ఫోటోకు ఇద్దరు నమస్కారం బొమ్మలు పెట్టారు, అంతటితో ఆగిపోయింది. సమాచారం అందరికీ అందితే ప్రజాస్వామ్యం బలపడుతుందని నమ్మి ఈ పనిలోకి వచ్చినవాళ్ళం. లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
మీరు చేసింది విలువైన పనే గాని, సగంలో ఆగింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంస్థ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి 'జన్ సున్వాయీ' (బహిరంగ విచారణ సభ) జరిపినప్పుడు వారి చేతిలో ఉన్నవీ ఇలాంటి లెక్కల కాగితాలే. వాటిని ఊరి జనం నడుమ, చదువు రానివారికీ అర్థమయ్యేలా గట్టిగా చదివి వినిపించారు. మస్టరులో తన పేరు విన్న మనిషి, తాను ఆ పనికి వెళ్ళాడో లేదో అందరి ముందు చెప్పే వీలు అక్కడ కలిగింది. కాగితం మీది అంకె సాక్ష్యమయ్యేది అప్పుడే. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్‌లో సమాచార హక్కు కోసం 40 రోజులు సాగిన ధర్నాకు, 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టానికి బాట వేసినవాటిలో ఈ సభలు ముఖ్యమైనవి.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెబుతాను. ఉగాండాలో 1991-95 మధ్య ప్రభుత్వం బడులకు విద్యార్థుల లెక్కన ఇచ్చిన నిధుల్లో సగటున 13 శాతమే బడికి చేరిందని సర్వేలో తేలింది. ఆ తరువాత ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో ప్రచురించారు. 2001 నాటికి ఆ వాటా 80 శాతం దాటింది. ఈ ఘనత అంతా ప్రచురణదేనని చాలామంది చెబుతారు. అదే కాలంలో పైనుంచి పర్యవేక్షణ కూడా గట్టిపడింది కనుక నేను అలా అనలేను. పైన వినే నాథుడు లేకపోతే ఊళ్ళో ఎంత గట్టిగా చదివినా మాట అక్కడే ఆగిపోతుంది. పైగా సభలో లేచి మాట్లాడిన కూలీకి మరునాటి నుంచి పని దొరకకపోవచ్చు. ఒక్కరినే ముందుకు తోయకండి, పదిమంది కలిసి చెప్పేలా చూడండి.

మూడవ సమాధానం:
ఏ లెక్క అడగాలో ఎవరు నిర్ణయించారు? మీరు అయిదుగురే అయితే, మిగతావారికి అది మీ వ్యవహారంగానే కనిపిస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో 2008లో మొదలైన 'సంఘం రేడియో' అనే స్థానిక సామాజిక రేడియోను దళిత మహిళలే నడుపుతున్నారు. తమ పంటల గురించి, తమ బతుకుల గురించి తమ మాటల్లోనే మాట్లాడుకుంటారు. తరువాతి దరఖాస్తు రాసే ముందు కూలీల దగ్గర కూర్చుని, వారికి ఏ లెక్క కావాలో అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. గ్రామసభకు ముందు ఆ 14 మంది ఇళ్ళకు మేమే వెళతాం. మస్టరు రాసిన వ్యక్తి పేరు కూడా సభలో చదవాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
కాగితంలో ఉంటే చదవండి, లేకపోతే ఊహించి చెప్పవద్దు. ఆయనకు ముందే కబురు పంపి, ఆయన చెప్పుకునేది కూడా అదే సభలో వినండి, రాసి ఉంచండి.