ఎద కోసం ఎదురుచూడాలా, సూదితో తెప్పించాలా?

కొట్టంకాపలా: మాకు 14 పాడి ఆవులు. ఈని మూడు నెలలు దాటినా ఐదు ఎదకు రాలేదు. లేక వస్తున్నా మా కంట పడలేదో. వీటికే కాదు, ఇకనుంచి ఈనిన ప్రతి ఆవుకూ హార్మోన్ సూదులు వేసి, చెప్పిన టైముకు కృత్రిమ గర్భధారణ చేసేద్దామని మా డాక్టరు గారు అంటున్నారు. నాన్న ససేమిరా అంటున్నారు. "ఎద ఆవుకు రావాలి గానీ మనం తెప్పించేదేంటి" అని. మీరేమంటారు?

రెండుపూటలా: నాన్నగారి మాట బాగుంది గానీ, ఆ ఎద ఆయన మేలుకుని ఉన్నప్పుడే రావాలిగా! బాగా పాలిచ్చే ఆవుకు ఎద కొన్ని గంటలే నిలుస్తుంది. రాత్రి వచ్చిపోయిందంటే మళ్లీ 21 రోజులు. ఓవ్‌సింక్ అనే సూదుల పద్ధతి పుట్టింది అందుకే. 1995లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. ముందు జీఎన్‌ఆర్‌హెచ్ (అండాన్ని విడుదల చేయించే హార్మోన్) సూది, ఏడో రోజు ప్రోస్టాగ్లాండిన్ (ఎద తెప్పించే హార్మోన్), అక్కణ్ణుంచి 56 గంటలకు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్, 16 గంటలాగి వీర్యం. ఎదకోసం కాపలా కాసే పనే లేదు.

తీగలుచూడు: కాపలా లేదు, చూలూ లేదు. పోయినేడు తొమ్మిదింటికి వేయిస్తే మూడే కట్టాయి.

రెండుపూటలా: గంటలు సరిగ్గా పాటించారా అన్నా?

తీగలుచూడు: ప్రోస్టాగ్లాండిన్ సోమవారం సాయంత్రం 5కి వేశాం. 56 గంటలంటే గురువారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంట. ఎవరు లేస్తారు? పొద్దున 9కి వేశాం. వీర్యం మాత్రం ముందనుకున్నట్టే ఆ సాయంత్రం 5కి.

పశువైద్యం: అంటే 16 గంటలు కావాల్సిన చోట 8 గంటలకే. ఆఖరి సూది తర్వాత అండం విడుదల కావడానికి ఒక రోజు పైనే పడుతుంది. ప్రోస్టాగ్లాండిన్ సోమవారం ఉదయం 8కి వేస్తే ఆఖరి సూది బుధవారం సాయంత్రం 4కి, వీర్యం గురువారం ఉదయం 8కి. నిద్ర చెడదు.

అయితే ప్రతి ఆవుకూ ఈ కోర్సంతా వేయాలన్న మాట నేను ఒప్పుకోను. ముందు స్కాన్ చేయించండి. అండాశయంలో కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే గడ్డ) పెరిగి ఉంటే ఒక్క ప్రోస్టాగ్లాండిన్‌తోనే కొన్ని రోజుల్లో ఎదకొస్తుంది. చూడి ఆవుకు పొరపాటున అదే వేస్తే ఈసుకుపోతుంది (గర్భం పోతుంది), కాబట్టి చూడి పరీక్ష తప్పదు. ఇంకోటి, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ మందు ముట్టుకోకూడదు, చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. ఇది చాలామంది చెప్పరు.

కొట్టంకాపలా: పాల మాటేంటి డాక్టరు గారూ? అమ్మకు అదే టెన్షన్.

పశువైద్యం: ఈ రెండు హార్మోన్లూ ఒంట్లో త్వరగా విరిగిపోతాయి. సూది వేశాక పాలు ఎన్నాళ్లు వాడకూడదో సీసా మీద రాసిన గడువు పాటిస్తే చాలు. ఐరోపా సమాఖ్య పాడి పశువుల్లో నిషేధించింది ఈస్ట్రడయాల్ అనే వేరే హార్మోన్‌ని, వీటిని కాదు.

తీగలుచూడు: గంటల తప్పు మాదే, సరే. కానీ అన్నింటికీ సూదులే అయితే ఏ ఆవు సరిగా ఎదకొస్తుందో ఎలా తెలుస్తుంది? సరిగా రానివాటి పెయ్యల్నే పెంచుకుంటూ పోతాం. చిక్కిన ఆవుకు మేత పెట్టకుండా సూది వేస్తే ఏం లాభం?

కొట్టంకాపలా: స్కాన్ అయింది. ఐదింట్లో మూడింటికి కార్పస్ లూటియం ఉంది. అంటే ఎదకు వస్తూనే ఉన్నాయి, మేమే చూడలేదు. వాటికి ఒక్కో ప్రోస్టాగ్లాండిన్ వేశారు. మిగతా రెండూ చిక్కిపోయాయి, ముందు దాణా పెంచమన్నారు. నాన్న ఏమీ అనలేదు. రాత్రి 10కి టార్చి పట్టుకుని కొట్టంలోకి వెళ్తున్నారు.