చెక్కకు రంగు బదులు బతికున్న బూజు పూత: వేయించాలా, వద్దా?

ఐంద్‌హోవెన్_లక్ష్మి
అందరికీ నమస్కారం. నెదర్లాండ్స్‌లో మేము కొన్న ఇంటి పెరటి షెడ్డుకు పలకలు మార్చాలి. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. పైన్ చెక్కలోకి ఒత్తిడితో అవిసె నూనె ఎక్కించి, పైన ఆరియోబసిడియం అనే నల్ల బూజు కణాలు కలిపిన పూత వేస్తారు. అది పెరిగి పలక మీద పొరలా పరుచుకుంటుంది. గీత పడితే చుట్టుపక్కల కణాలే పెరిగి దాన్ని మళ్లీ కప్పేస్తాయట. నమూనా పలక చూశాను. మెరుపు లేని నలుపు, దగ్గరికెళ్తే చెక్క గీతలు కనిపిస్తున్నాయి. నాకు నచ్చింది. కానీ మా పాపకు ఉబ్బసం, అదే టెన్షన్. ఏమంటారు?

సత్తుపల్లి_శ్రీను
గోడల మీద బూజు వదిలించుకోడానికే ప్రతి వానాకాలం నానా తంటాలు పడుతున్నాం. డబ్బిచ్చి పెంచుకోవడమేంటక్కా?

కోనసీమ_వడ్రంగి
వద్దమ్మా. 31 ఏళ్లుగా చెక్కపని చేస్తున్నాను, బూజు పట్టి బాగుపడ్డ చెక్కను చూడలేదు. మా నాన్న కట్టిన ఇంటి వసారా దూలాలకు 2009లో ఒక కాంట్రాక్టరు నీళ్లు దిగని పూత వేశాడు. పదేళ్లు దానివంక చూడక్కర్లేదన్నాడు. ఆరో ఏడు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఉడికిన కందగడ్డలోకి దిగినట్టు పిడిదాకా దిగింది. పైన పూత గుడ్డు పెంకులా అలాగే ఉంది. లోపల చెక్క ముదురు గోధుమ రంగుకి తిరిగి చిన్న చిన్న దిమ్మలుగా విడిపోయింది. కాంట్రాక్టరు ఫోనెత్తలేదు. పూత అని ఎవరన్నా నాకు ఆ దూలమే కళ్లముందుకొస్తుంది.

మైకో_రవి
లక్ష్మి గారూ, బూజులన్నీ ఒకటి కావు. చెక్కను కుళ్లబెట్టేవి చెక్కకు గట్టిదనం ఇచ్చే సెల్యులోజ్‌నీ లిగ్నిన్‌నీ విరగ్గొడతాయి. అవి పని మొదలుపెట్టాలంటే చెక్కలో తేమ 25-30 శాతం దాటి అలాగే నిలిచి ఉండాలి. ఆరియోబసిడియం ఆ గట్టిదనం జోలికి పోదు. పైపైన ఉండి నూనె, దుమ్ము, పుప్పొడి, ఎండకు విరిగిన లిగ్నిన్ ముక్కలతో బతుకుతుంది. ఆకుల మీదా ద్రాక్షపళ్ల మీదా అది ముందు నుంచీ ఉన్నదే. ఎండకు వానకు నల్లబడిన పాత చెక్క మీద మనం చూసే నలుపులో చాలా భాగం దీనిదే. ఆ నలుపు మెలనిన్ అనే రంగు పదార్థం. అతినీలలోహిత కిరణాల్ని చెక్కదాకా పోనివ్వకుండా పీల్చుకునేది అదే.

ఇది ఎవరో కూర్చుని ఊహించింది కాదు. మీ ఊరి సాంకేతిక విశ్వవిద్యాలయమూ ఉట్రెక్ట్‌లోని శిలీంధ్రాల సంస్థా కలిసి, నూనె పట్టించి ఆరుబయట పెట్టిన చెక్క మీద ఏవి చేరతాయో పరిశీలిస్తే ఆరియోబసిడియందే పైచేయి అయింది. స్లొవేనియాలోని ఇజోలాలో ఆన్నా సాండక్ బృందం 'ఆర్కీ-స్కిన్' పేరుతో ఇలాంటి బతికున్న పూతల మీదే పనిచేస్తోంది.

కోనసీమ_వడ్రంగి
నూనె తింటుందన్నారు. నూనె అయిపోయాక?

మైకో_రవి
చెప్పాను కదండీ. దుమ్మూ పుప్పొడీ గాలితో వస్తూనే ఉంటాయి. లోపలికి ఎక్కించిన నూనె ఒక్కసారిగా అయిపోదు, కొద్దికొద్దిగా పైకి వస్తుంది.

కోనసీమ_వడ్రంగి
అయిపోయాక ఏమిటని అడిగాను. ఎలా వస్తుందని అడగలేదు.

నర్సు_కళ
మీరిద్దరూ నూనె దగ్గరే ఆగిపోయారు. ఆవిడ పాప గురించి కదా అడిగింది! అలర్జీ పరీక్షల్లో చూసే బూజుల్లో ఆరియోబసిడియం కూడా ఉంది. లక్ష్మీ, ముందు పాపకు ఆ పరీక్ష చేయించు. పడకగది కిటికీ పక్కన మాత్రం ఈ పలకలు పెట్టకు.

మైకో_రవి
కళ గారు చెప్పింది నిజం, నేనే ముందు రాయాల్సింది.
వడ్రంగి గారూ, మీ దూలం కథ నా మాటకే సాక్ష్యం. ఆ పూత లోపలి తేమను బయటికి పోనివ్వలేదు, అందుకే కుళ్లింది.

కోనసీమ_వడ్రంగి
కథా? మా అమ్మ ఆ దూలం కిందే మంచం వేసుకునేది. ఒక రాత్రి పెచ్చు ఊడి ఆమె కాళ్ల దగ్గర పడింది. మీకది సాక్ష్యం. మాకు ఇల్లు. పుస్తకం చదివినవాళ్లు చెప్పేసి వెళ్లిపోతారు, నిచ్చెన ఎక్కేది మేము.

మైకో_రవి
నేను ఆ మాట అనాల్సింది కాదు. క్షమించండి.
నేనూ పుస్తకాలు మాత్రమే చదివి రాలేదు. రంగులు తయారుచేసే చోట మూడేళ్లు పనిచేశాను. బూజు రాకుండా కలిపే మందులకు నా రెండు చేతులూ పొక్కి తోలు ఊడింది. ఆ మందులే వాన పడినప్పుడు గోడల నుంచి కారి కాలవల్లో కలుస్తాయి. మందు లేకుండా చెక్కను కాపాడే దారి ఒకటి కనిపిస్తే గట్టిగా పట్టుకున్నాను.

కోనసీమ_వడ్రంగి
చేతుల సంగతి నాకు తెలీదు బాబూ. నేనూ కోపంలో అన్నాను.
నా బాధ బూజు గురించి కాదు. రంగు పెచ్చులూడితే గీకి, ఉప్పుకాగితం పట్టి మళ్లీ వేస్తాను. అది నా చేతిలో ఉన్న పని. ఈ పొర చచ్చిపోతే ఊళ్లో వడ్రంగి ఏం చెయ్యాలి? ఎవరికి ఫోను చెయ్యాలి? మే నెలలో మా పడమటి తలుపు మీద చెయ్యి ఆనించలేం, నల్లటి పలకైతే ఇంకా కాలుతుంది. అక్కడ అది బతుకుతుందా?

మైకో_రవి
ఇది అసలు ప్రశ్న. ఆరియోబసిడియంకు 25 డిగ్రీల దగ్గర ఎదుగుదల బాగుంటుంది, 35 దాటితే చాలా రకాలు ఆగిపోతాయి. ఎండుదనాన్ని ఓర్చుకుంటుంది కానీ కోనసీమ పడమటి గోడకు నేను హామీ ఇవ్వలేను. నూనె ఎన్నేళ్లకు అయిపోతుందో కూడా చెప్పలేను. ఇందాకే ఒప్పుకోవాల్సింది. అయితే లక్ష్మి గారిది ఐంద్‌హోవెన్, చలి దేశం.

కోనసీమ_వడ్రంగి
చలి దేశమైనా వాన వానే. అమ్మా లక్ష్మీ, ఏ పూత వేసినా చూరు ఒక జానెడు బయటికి తీయించు. పలక కింది చివర నేలకు తగలకుండా జానెడున్నర ఎత్తున ఆపించు. వెనక గాలి ఆడాలి. చెక్క నీళ్లు తాగేది కోసిన చివర నుంచే.

ఐంద్‌హోవెన్_లక్ష్మి
బాబాయ్ గారూ, రవి గారూ, కళక్కా, థ్యాంక్స్. పాపకు వచ్చే వారం పరీక్ష. ఏమీ లేదంటే షెడ్డు వెనక గోడ ఒక్కదానికే వేయిస్తాను, చూరు పెంచి. పొర చస్తే ఎవరొచ్చి ఏం చేస్తారో కాగితం మీద రాసిమ్మని కాంట్రాక్టర్‌ని అడిగాను. రెండు రోజుల్లో చెప్తానన్నాడు.

కోనసీమ_వడ్రంగి
రాసిస్తే ఇక్కడ పెట్టు. మూడు చలికాలాలు గడిచాక కింది చివర ఫోటో కూడా పెట్టు, దగ్గర్నుంచి తీసి.