పెద్ద టర్న్‌టేబుల్‌కి మారాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా?

చివరిపాట
రికార్డులు వినడానికి పన్నెండేళ్లుగా ఒకటే బెల్ట్ డ్రైవ్ (మోటారు బెల్ట్‌తో తిప్పే) టర్న్‌టేబుల్ వాడుతున్నాను. ఈమధ్య రెండు విషయాలు బాగా చికాకు పెడుతున్నాయి. ఏ రికార్డయినా చివరి పాటకొచ్చేసరికి గొంతులో 'స', 'ష'లు చిట్లిపోతున్నాయి. పియానో ఒక్కటే సాగే చోట స్వరం ఊగుతోంది. ఇక పెద్దదే కొనేద్దామని టెక్నిక్స్ ఎస్ఎల్-1200జీ, లిన్ ఎల్‌పీ12 మధ్య తేల్చుకోలేకపోతున్నాను. ఇంట్లో పెట్టుకుని విన్నవాళ్లు చెప్పండి.

రసమట్టం
రెండూ వాడాను, ఇప్పుడు టెక్నిక్స్ ఒక్కటే ఉంది. ఎల్‌పీ12లో ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం), టోన్ఆర్మ్ (ముల్లుని మోసే చెయ్యి) కలిసి మూడు స్ప్రింగుల మీద తేలుతుంటాయి. నాది చెక్క ఫ్లోర్. ఎవరైనా గబగబా నడిస్తే ముల్లు గెంతేది. తప్పు నా గదిది, గోడకి షెల్ఫ్ బిగించి దానిమీద పెట్టాక ఆ గొడవే లేదు. దాని గొప్పతనం ఏమిటంటే ఒకేసారి అంతా కొననక్కర్లేదు. ఈసారి పవర్ సప్లై, ఇంకోసారి బేరింగ్, తర్వాత ఆర్మ్ అని విడతలవారీగా మార్చుకోవచ్చు.

ఎస్ఎల్-1200 సంగతి వేరు. 2010లో ఆపేసి 2016లో మళ్లీ తెచ్చారు. మోటారే ప్లాటర్‌ని నేరుగా తిప్పుతుంది, బెల్ట్ సాగే బెడద లేదు. ఆర్మ్ మొదట్లో ఉన్న రింగు తిప్పితే ఎత్తు మారుతుంది. కార్ట్రిడ్జులు (ముల్లు ఉండే చిన్న డబ్బీలు) మార్చే పిచ్చి ఉన్న నాలాంటివాళ్లకి అది పెద్ద సుఖం.

గాడితప్పినవాడు
కొనేముందు ఒక్క నిమిషం ఆగండి. చివరిపాట గారు చెప్పిన రెండు రోగాలకీ కొత్త టర్న్‌టేబుల్ మందు కాకపోవచ్చు. నేనూ ఇలాగే మార్చాను, కొత్తదాని మీదా అదే చిట్లుడు.

రికార్డు తిరిగే వేగం మారదు కానీ లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి సుమారు 50 సెంటీమీటర్ల గాడి కదిలితే, చివరి పాట దగ్గర 21 మాత్రమే. అదే శబ్దం సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. అక్కడ కార్ట్రిడ్జ్ కాస్త వంకరగా ఉన్నా, బరువు తక్కువైనా వెంటనే బయటపడుతుంది. ముందు డిజిటల్ గేజ్‌తో ముల్లు బరువు (రికార్డుని ఎంత నొక్కుతోందో) చూడండి, ఆర్మ్ మీద అంకెల్ని నమ్మొద్దు. తర్వాత అద్దం ఉన్న ప్రొట్రాక్టర్ (గీతలున్న కొలత పలక) పెట్టి, ప్లాటర్ మధ్య నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర కార్ట్రిడ్జ్ గీతలకి సమాంతరంగా ఉందో లేదో చూడండి.

ఇక ఊగుడు. 33 1/3 వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు. ఊగుడు కూడా అదే లెక్కలో వస్తుంటే రికార్డు తిరుగుతుండగా హెడ్‌షెల్‌ని (కార్ట్రిడ్జ్ బిగించే ఆర్మ్ తలని) పైనుంచి చూడండి. తల ఎడమకీ కుడికీ ఆడుతోందా? అయితే రికార్డు మధ్య రంధ్రమే పక్కకి పడింది. దానికి ఎంత ఖరీదైన టర్న్‌టేబుల్ కొన్నా లాభం లేదు. (నకమిచి టీఎక్స్-1000 అని ఒకటి ఉండేది, అది రంధ్రం తేడాని తనే కనిపెట్టి సర్దుకునేది. దాన్ని ఎక్కడ వెతుకుతాం!)

పాతబంగారం
డైరెక్ట్, బెల్ట్ రెండూ సరే, ఐడ్లర్‌ని ఎవరూ తలుచుకోరేం? గారార్డ్ 301 ఇప్పటికీ తిప్పుతున్నాను. రబ్బరు చక్రం ప్లాటర్ అంచుని లోపలినుంచి తోస్తుంది, ఆ ఊపు వేరు. మోటారు గరగర వినపడకుండా బరువైన ప్లింత్ (కింది పీఠం) చేయించడానికే నా ప్రాణం తోకకొచ్చింది, అది కూడా ఒప్పుకుంటాను.

ముల్లుపోటు
నా ఓటు ముల్లుకే. మామూలు ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన) నుంచి ఫైన్ లైన్ (ఇంకా సన్నటి మొన) తరహాకి మారితే చివరి పాటలో తేడా అర్థమవుతుంది. కాకపోతే ఎంసీ (మూవింగ్ కాయిల్) కార్ట్రిడ్జ్‌కి పోతే, దాని చిన్న సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్ కూడా చూసుకోవాలి. ఎంఎంకి (మూవింగ్ మాగ్నెట్ రకానికి) 40 డెసిబెల్స్ గెయిన్ (పెంపు) చాలు, తక్కువ అవుట్‌పుట్ ఎంసీకి 60 దాకా కావాలి. ఇది మర్చిపోయి వాల్యూమ్ చివరిదాకా తిప్పి హమ్ మాత్రమే విన్న మహానుభావుణ్ని నేనే.

చివరిపాట
మూడు రోజులు తంటాలు పడ్డాను. కార్ట్రిడ్జ్‌కి 1.8 గ్రాములు కావాలి, గేజ్ పెడితే 1.4 చూపించింది. పైగా కార్ట్రిడ్జ్ 2 మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. ఎప్పుడో ముల్లు మార్చినప్పుడు నా చేత్తో నేనే బిగించాను, ఎవర్ననాలి? సరిచేశాక చిట్లుడు మూడొంతులు పోయింది, మిగతాది బహుశా ముల్లు అరుగుదల. పియానో రికార్డు పెట్టి చూస్తే హెడ్‌షెల్ ఉయ్యాల ఊగుతోంది! వేరే పియానో రికార్డు పెడితే కదల్లేదు.

అయినా నిజం చెప్పాలంటే ఎస్ఎల్-1200జీ మీద మనసు పోలేదు. రసమట్టం గారూ, ఆ ఆర్మ్ మీద మీరు ఏ కార్ట్రిడ్జ్ వాడుతున్నారు?

రసమట్టం
డెనాన్ డీఎల్-103. దాని ముల్లుని పట్టి ఉంచే సస్పెన్షన్ గట్టిది కాబట్టి బరువైన హెడ్‌షెల్ వేసి, 2.5 గ్రాముల దగ్గర పెట్టాను. మీరు మాత్రం ముందు ఆ అరిగిన ముల్లు మార్చి, ఒక నెల విని రండి.