‘నెట్ తటస్థత’: ఇందులో తటస్థులు ఎవరు?

ప్రశ్న (హనుమకొండ నుంచి): పత్రికలు ‘నెట్ న్యూట్రాలిటీ’ని ‘నెట్ తటస్థత’ అని రాస్తున్నాయి. ఈ మాట సరైనదేనా? ఏ సైటు, ఏ యాప్ అని చూడకుండా ఇంటర్నెట్ కంపెనీలు అన్నిటినీ ఒకేలా అందించాలనే ఈ నియమం ఆ కంపెనీల మధ్య పోటీని నిలబెడుతుందని కొందరు, దెబ్బతీస్తుందని కొందరు అంటున్నారు. మాట తేలితే వాదన కూడా కొంత తేలుతుందేమోనని అడుగుతున్నాను.

జవాబు (నర్సంపేట నుంచి): తటం అంటే ఒడ్డు, తటస్థుడు అంటే ఒడ్డున నిలిచినవాడు, నీటిలోకి దిగనివాడు. 2003లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ ఆ ఆంగ్లపదాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఒడ్డున ఉన్నవాడు కాదు, ప్రవాహాన్ని గుప్పిట పెట్టుకున్నవాడు. మా పాకాల చెరువు కింద నీరటికాడిని తలచుకోండి. పారతో గట్టు తెంచి ఒక మడికి నీళ్లు వదిలి, అది నిండగానే బురదపెళ్లలతో మూసి పక్క మడికి మళ్లించే మనిషి మోకాలిలోతు నీళ్లలోనే ఉంటాడు. పొలం ఎవరిదని చూడకుండా వంతు ప్రకారం వదలడం అతని ధర్మం. రైతులందరూ అతనికి మేర (పంటలో ఇచ్చే వాటా) కొలిచేటప్పుడు, ఒకరి దగ్గర విడిగా పుచ్చుకొని వారి మడిని ముందు తడిపితే ఊరు ఊరుకోదు. అందుకే ‘నిష్పాక్షికత’ దీనికి దగ్గరి మాట అంటాను. ‘సమవర్తిత్వం’ ఇంకా బాగా అతుకుతుంది గాని, సమవర్తి యముడి పేరు కావడం వల్ల మొబైల్ కంపెనీలకు ఆ బిరుదు ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు.

2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనలు నిషేధించింది, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్నే. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయల వంతున 50 లక్షల వరకు జరిమానా ఉంది. ఎక్కువ డేటాకు ఎక్కువ ధర పెట్టుకోవడానికి అడ్డు లేదు.

ప్రశ్న: ఒక కంపెనీ ఒక సినిమా యాప్‌ను డేటా ఖర్చు లేకుండా ఉచితంగా చూపిస్తే ఖాతాదారులు అటు వెళతారు, పోటీ అంటే అదే కదా?

జవాబు: మీ మాటలో నిజం ఉంది. కొత్తగా వచ్చిన కంపెనీకి అది మంచి ఎర. నియమం ఆ ఎరను తీసేసింది, ఆ నష్టాన్ని ఒప్పుకోవాలి. అయితే ఆ ఉచితానికి యాప్ యజమాని డబ్బు కడితే, ఆయన కోట్ల ఖాతాదారులున్న కంపెనీతోనే ఒప్పందం చేసుకుంటాడు గాని, మండల కేంద్రంలో కొన్ని వందల కనెక్షన్లు నడిపే కేబుల్ ఆపరేటర్ గడప తొక్కడు. ఆ ఆపరేటర్ ధరలోనూ, తీగ తెగిన పూటే మనిషిని పంపడంలోనూ పోటీ పడగలడు. ఉచిత యాప్‌లో పడలేడు. కనుక నా అంచనాలో ఈ నియమం చిన్నవారికి చేసే మేలే ఎక్కువ.

నీరటికాడి పోలిక ఒకచోట కుదరదు. చెరువుకు మరో నీరటికాడు ఉండడు. మొబైల్ కంపెనీని మార్చుకోవచ్చు, కాబట్టి నియమం అక్కరలేదని వాదించేవారు ఈ తేడానే పట్టుకుంటారు. మన దగ్గర ఆ నియమం ఉండగానే, 2016 సెప్టెంబరులో జియో వచ్చి ధరలు పడిపోయాయి. 2018లో వొడాఫోన్, ఐడియా కలిసిపోయి కంపెనీల సంఖ్యా తగ్గింది. మొదటిదాన్ని చూపి నియమాన్ని మెచ్చుకోవడమూ, రెండోదాన్ని చూపి నిందించడమూ రెండూ తొందరపాటే, ఎందుకంటే ఆ కథ నడిచింది పెట్టుబడుల మీద, అప్పుల మీద, స్పెక్ట్రమ్ (మొబైల్ తరంగాల) ఖర్చుల మీద.